డెంగీ ఒకసారి వచ్చి తగ్గితే.. మళ్లీ రాదా?

తాగి పడేసిన కొబ్బరి బొండాంలో కాస్త వాన నీరు నిలిస్తే చాలు, డెంగీ దోమ గుడ్లు పెట్టేస్తుంది. ద్రాక్షారామం లాంటి కోనసీమ ఊళ్లలో బొండాలకు కొదవేముంది! ‘మాకు ఒకసారి వచ్చి తగ్గిందిలే, ఇక రాదు’ అనుకుంటే మాత్రం పొరపాటే.

డెంగీ వైరస్‌లో 4 రకాలున్నాయి. సోకిన రకంపై రక్షణ దాదాపు జీవితాంతం ఉంటుంది. మిగతా మూడింటిపై కొన్ని నెలలే. తర్వాత వేరే రకం సోకితే పాత యాంటీబాడీలు దాన్ని పట్టుకుంటాయి గానీ అణచలేవు. పైగా అది కణాల్లోకి చేరేందుకు తోడ్పడతాయి. రెండోసారి డెంగీ తీవ్రమయ్యే ముప్పు అందుకే ఎక్కువ.

చికున్‌గున్యా అలా కాదు. 1964-65లో కాకినాడ, రాజమండ్రిల్లో వ్యాపించిన ఈ జ్వరం 2005-06లో రాష్ట్రంపై మళ్లీ విరుచుకుపడింది. ఒకసారి వస్తే యాంటీబాడీలు ఏళ్ల తరబడి ఉంటాయి, మళ్లీ సోకడం అరుదు. (కీళ్లనొప్పులు నెలల తరబడి వదలవు, అది వేరే బాధ.) కొవిడ్‌లో యాంటీబాడీలు కొన్ని నెలలకే తగ్గుతూ వచ్చాయి.

జ్వరం వచ్చిన తొలి 5 రోజుల్లో ఎన్‌ఎస్‌1, తర్వాత ఐజీఎం పరీక్ష చేస్తారు. ఐజీజీ ఒక్కటే పాజిటివ్ వస్తే సాధారణంగా గతంలో సోకిందని అర్థం, ఇక రాదని కాదు. గతంలో డెంగీ వచ్చి ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి. జ్వరం తగ్గుతున్నప్పుడు తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే ప్లేట్‌లెట్ల రిపోర్టు కోసం ఆగొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.