ఆఖరి బస్సు ఎన్నింటికి?

మన కుటుంబములలోని పిల్లలు కొందరు నేడు చదువుల నిమిత్తము, ఉద్యోగముల నిమిత్తము మ్యూనిక్‌లోను, జ్యూరిక్‌లోను ఉంటున్నారు. శనివారము వచ్చిందంటే వారిలో కొందరు సంచి భుజాన వేసుకొని ఆల్ప్స్ కొండలకు బయలుదేరుతారు. కారు ఉండదు, రైలులోను బస్సులోను వెళతారు. తోడు ఎవరని అడిగితే "ఎవరూ లేరమ్మా, నేనొక్కణ్ణే" అంటారు. ఇక్కడ తల్లికి ఆ రాత్రి నిద్ర పట్టదు. వద్దని చెప్పుట సులువే. అయితే పాతికేళ్ళ బిడ్డ వినకపోవచ్చు. అప్పుడు చెప్పకుండా వెళ్ళడము మొదలుపెడతాడు, అది మరీ ప్రమాదము. గనుక ఆ ప్రయాణము ఎట్టిదో మనమే కొంత తెలుసుకొని, సరియైన ప్రశ్నలు అడగడము మేలని మేము తలస్తున్నాము.

అన్నిటికంటె ముందు అడగవలసిన ప్రశ్న ఇది: తిరుగు ప్రయాణములో ఆఖరి బస్సు ఎన్నింటికి? కొండ నడకను ఉదయము నుండి ముందుకు కాక, ఆఖరి బస్సు నుండి వెనుకకు లెక్క వేయాలి. స్విట్జర్లాండులో రైలు దిగిన చోట పసుపుపచ్చని పోస్టు బస్సు సిద్ధముగా ఉంటుంది, నిజమే. కాని ఎత్తయిన కనుమల మీదుగా పోయే బస్సులు అనేకము ఇంచుమించు జూన్ నుండి అక్టోబరు వరకే నడుస్తాయి. కొన్ని లోయలలో సాయంత్రము కాగానే ఇక బస్సు ఉండదు. శనివారము ఉన్న బస్సు ఆదివారము ఉంటుందని నమ్మకము లేదు. అక్కడి అచ్చు టైంటేబుల్‌లో ఆదివారమునకు, సెలవు దినములకు సిలువ గుర్తు వేస్తారు. మన పిల్లలకు గుర్తుంచుకొనుట కష్టము కాదు! ఏటా డిసెంబరు మధ్యలో టైంటేబుల్ మారుతుంది గనుక నిరుటి కాగితము పనికిరాదు.

తరువాత నడకకు పట్టే సమయము. అక్కడి దారి పలకల మీద సాధారణముగా కిలోమీటర్లు ఉండవు, గంటలు ఉంటాయి. ఆ గంటలలో కూర్చుని రొట్టె తినే సమయము, ఫోటోలు తీసుకొనే సమయము చేరవు. సొంతముగా లెక్క కట్టుకోవాలంటే అక్కడివారు వాడే సూత్రము ఒకటున్నది. గంటకు 4 కిలోమీటర్ల దూరము, లేదా 300 మీటర్ల ఎక్కుడు, లేదా 500 మీటర్ల దిగుడు. దూరమునకు ఒక లెక్క, ఎక్కుడు దిగుళ్ళకు కలిపి ఒక లెక్క కట్టి, పెద్దదానికి చిన్నదానిలో సగము కలపాలి.

ఉదాహరణకు బూర్ సెయింట్ పియర్ అనే ఊరి నుండి గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమకు నడిచే దారి తీసుకుందాము. ఊరు 1632 మీటర్ల ఎత్తున, కనుమ 2469 మీటర్ల ఎత్తున ఉన్నవి. దూరము సుమారు 12 కిలోమీటర్లు, అంటే 3 గంటలు. ఎక్కుడు 840 మీటర్లకు దగ్గర, అది మూడు గంటలకు కొంచెము తక్కువ. రెండవదానిలో సగము కలిపితే నాలుగున్నర గంటలు. విశ్రాంతితో ఆరు గంటలు అనుకోవాలి. 1800 మే నెలలో నెపోలియన్ సైన్యము ఈ కనుమనే దాటి ఇటలీలో దిగింది.

ఈ దారి ఒంటరివారికి మంచిదని మేము చెప్పుటకు కారణము పైనున్న సత్రము. పదకొండవ శతాబ్దములో బెర్నార్డ్ అనే దైవజనుడు బాటసారుల ప్రాణరక్షణకై దీనిని స్థాపించాడు. మంచులో దారి తప్పినవారిని వెదకిన ఆ పెద్ద కుక్కల పేరు మీరు వినే ఉంటారు. 1923లో పోపు పదకొండవ పయస్ ఈయనను పర్వతారోహకుల రక్షక పునీతునిగా ప్రకటించాడు. ఆ పోపు కూడా యౌవనములో కొండలెక్కినవాడే. సత్రములో నేటికీ పడక దొరుకుతుంది, ముందుగా చెప్పి ఉంచాలి. శనివారము ఎక్కి, రాత్రి అక్కడ ఉండి, మరునాడు వేసవి బస్సులో దిగి, ఓర్సియెర్‌లో రైలు పట్టుకోవచ్చు.

మొదటిసారి వెళ్ళేవారికి ఇంకా సులువైనది లోట్ష్‌బెర్గ్ దక్షిణ దారి. 1913లో తెరచిన పాత రైలు మార్గము రోన్ లోయకు పైన కొండ వెంట సాగుతుంది. 2007లో 34.6 కిలోమీటర్ల క్రొత్త సొరంగము వచ్చాక వేగపు బండ్లు అటు మళ్ళాయి, పాత దారిలో ప్రాంతీయ రైళ్ళు మిగిలాయి. హోటెన్‌లో దిగి నడిస్తే ఔసర్‌బెర్గ్, ఎగ్గర్‌బెర్గ్, లాల్డెన్ స్టేషన్లు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. కాలు నొచ్చినా, మబ్బు పట్టినా ముందున్న స్టేషనులో రైలెక్కేయవచ్చు. ఒంటరివానికి ఇంతకంటె ఏమి కావాలి? నీడ తక్కువ గనుక నడి వేసవిలో మాత్రము వద్దు.

గుర్తుల సంగతి కూడా అడగండి. పసుపు గుర్తు మామూలు కాలిబాట. తెలుపు, ఎరుపు, తెలుపు చారలు కొండదారి, దానికి గట్టి బూట్లు, స్థిరమైన అడుగు కావాలి. తెలుపు, నీలము, తెలుపు చారల దారిలో మంచుగడ్డలు, బండలు ఎక్కవలసి రావచ్చు. ఒంటరిగా ఆ నీలపు దారిలో అడుగు పెట్టవద్దని మేము ఖండితముగా చెబుతాము. జూన్‌లో కూడా ఎత్తయిన చోట్ల పాత మంచు కరగక ఉంటుంది. వేసవి మధ్యాహ్నములలో ఉరుములతో వాన వస్తుంది, కాబట్టి తెల్లవారగానే మొదటి రైలు పట్టుకోవాలి. దిగేటప్పుడు అలసిన కాళ్ళు జారుతాయి. చాలామంది పడేది అప్పుడే.

పడిన తరువాత ఏమిటి? తోడున్నవానికి సహాయము తెచ్చే మనిషి ఉంటాడు, ఒంటరివానికి లేడు. ఐరోపా అంతటా 112, స్విట్జర్లాండులో హెలికాప్టరు సేవయైన రేగాకు 1414. లోయలలో ఫోను పలకని చోట్లు ఉన్నవి గనుక మెడలో ఈల ఉండాలి. నిమిషమునకు ఆరు సార్లు ఊది, ఒక నిమిషము ఆగి, మరల ఆరు సార్లు. జవాబుగా నిమిషమునకు మూడు సార్లు వినబడితే ఎవరో విన్నారని అర్థము. హెలికాప్టరు ఖర్చు ఇన్సూరెన్సు భరిస్తుందో లేదో బయలుదేరక ముందే చూసుకోవాలి.

ఏ రైలు, ఏ దారి, ఏ బస, ఏ బస్సు అన్నది కాగితము మీద వ్రాసి, అక్కడే ఉన్న గది స్నేహితునికి ఒక ప్రతి ఇవ్వాలి. అవసరమైతే ఆ భాషలో ఫోను చేయగలవాడు అతడే. కొండ బసలో పుస్తకము ఉంటుంది, అందులో పేరు, మరునాటి దారి వ్రాయాలి. రెండవ ప్రతి మన ఇంటికి. వేసవిలో మన గడియారము వారికంటె మూడున్నర గంటలు ముందు. సాయంత్రము 6 గంటల బస్సు ఎక్కి ఫోను చేస్తానంటే మనకు రాత్రి 9.30. ఆ బస్సు తప్పితే తరువాతి బస్సు ఎప్పుడో కూడా కాగితములో వ్రాయించుకోండి. స్నేహితునికి ఎన్ని గంటలకు ఫోను చేయాలో అప్పుడు మీకు తెలుస్తుంది.