పిడికిలి నేర్పే నిబ్బరం

పొద్దున్నే క్లాసులు, సాయంత్రం స్లిప్ టెస్టులు, రాత్రి స్టడీ అవర్లు. కుర్చీకి అతుక్కుపోయిన ఈ చదువుల మధ్య వారానికి మూడు సాయంత్రాలు గ్లవ్స్ తొడుక్కుంటే ఒంటికీ మనసుకీ ఏం దక్కుతుంది? కిక్‌బాక్సింగ్ మీద ఈ వారం ముఖచిత్ర కథనం.

కిక్‌బాక్సింగ్ అనగానే తెలుగువాళ్లకి ముందుగా గుర్తొచ్చేది ‘తమ్ముడు’. 1999లో వచ్చిన ఆ సినిమాలో జులాయిగా తిరిగే కాలేజీ కుర్రాడు పవన్‌ కల్యాణ్ అన్న కోసం రింగులోకి దిగుతాడు. నాలుగేళ్ల తర్వాత ‘అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి’లో రవితేజదీ అదే ఆట. ఈ సినిమాలు కిక్‌బాక్సింగ్‌ని ఊరూరా పరిచయం చేశాయి. దాంతోపాటే ఇది పంతం పట్టినవాళ్ల ఆట, కసి తీర్చుకునే ఆట అన్న అభిప్రాయాన్నీ నాటాయి.

శిక్షణ హాల్లో కనిపించేది వేరు. అక్కడికొచ్చే విద్యార్థుల్లో చాలామందికి ఎవర్నో ఓడించాలని ఉండదు. ఇంటర్లో చేరాక పెరిగిన బరువు తగ్గాలని ఒకరొస్తారు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని ఒకరు, పరీక్ష పేపరు చేతికొచ్చేసరికి గుండె దడదడలాడుతోందని మరొకరు వస్తారు. ఈ ఆట వాళ్లకి కొట్టడం కన్నా ముందు కుదురుగా నిలబడటం నేర్పుతుంది. విద్యార్థికి కిక్‌బాక్సింగ్ చేసే అసలు మేలు అదే.

మొదటి పాఠం నిలబడటం

తొలిరోజు పంచింగ్ బ్యాగు జోలికి వెళ్లనివ్వరు. కుడిచేతివాటం వాళ్లయితే ఎడమ పాదం ముందుకు, కుడి పాదం వెనక్కి. మోకాళ్లు కాస్త వంగాలి, వెనక మడమ నేల మీంచి కొద్దిగా లేవాలి. గడ్డం దించి, రెండు పిడికిళ్లూ చెంపల దగ్గర పెట్టుకోవాలి. చూడ్డానికి ఇంతే. పది నిమిషాలు అలా కదులుతూ ఉంటే భుజాలు పీకేస్తాయి, చేతులు వాటంతటవే కిందికి జారతాయి. ‘‘గార్డ్ ఎత్తమ్మా!’’, ‘‘చేతులు దించకురా!’’ అని మాస్టర్ అరుస్తూనే ఉంటారు.

తర్వాత జాబ్. ముందు చేతిని తిన్నగా చాచి కొట్టే దెబ్బ ఇది. మాస్టర్ కన్ను మాత్రం పిడికిలి వెళ్లడం మీద కన్నా వెనక్కి రావడం మీదే ఉంటుంది. వెళ్లిన దారినే చెంప దగ్గరికి చేరకపోతే దెబ్బ ఎంత బలంగా తగిలినా తప్పే. వెనక చేత్తో కొట్టే క్రాస్‌లో బలం భుజానిది కాదు. మడమ తిరిగితే నడుము తిరుగుతుంది, నడుము తిరిగితే భుజం దూసుకొస్తుంది. పక్కనుంచి కాలు తిప్పి కొట్టే రౌండ్‌హౌస్ కిక్‌లోనూ అంతే. లేచే కాలి కన్నా నేల మీదున్న కాలిని ముందు చూసుకోవాలి. ఆ పాదం తిరగకుండా కాలు విసిరితే భారమంతా మోకాలి మీద పడుతుంది.

అన్నిటికన్నా ఆలస్యంగా పట్టుబడేది ఊపిరి. కొత్తవాళ్లు కొట్టేటప్పుడు ఊపిరి బిగబడతారు, అర నిమిషానికే డీలా పడిపోతారు. అందుకే ప్రతి దెబ్బకీ ‘‘ష్’’మని గాలి వదలమంటారు. హాలంతా వినిపించే ఆ శబ్దం బెదిరింపు కోసం కాదు, ఊపిరి ఆగకుండా ఉండటానికి.

ఆట ఎక్కడిది?

1960ల్లో జపాన్ కరాటే యోధులు థాయ్‌లాండ్ వారి ముయే థాయ్‌తో తలపడటం మొదలుపెట్టారు. ఆ పోటీల నుంచి పుట్టిన కొత్త ఆటకి కిక్‌బాక్సింగ్ అని పేరు పెట్టింది ఒసాము నొగుచి అనే ప్రమోటర్. 1970ల్లో అమెరికాలో ఫుల్ కాంటాక్ట్ కరాటే పేరుతో దీనికి మరో పాయ పుట్టింది. ఇప్పుడు అంతర్జాతీయంగా ఈ ఆటను నడిపే వాకో సంస్థకు 2021లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ పూర్తి గుర్తింపు ఇచ్చింది. ఒలింపిక్స్‌లో మాత్రం ఈ ఆటకి ఇంకా చోటు దక్కలేదు.

పోటీలన్నీ ఒక్క తరహావి కావు. పాయింట్ ఫైటింగ్, లైట్ కాంటాక్ట్, కిక్ లైట్ మ్యాట్ మీద జరుగుతాయి. వీటిలో దెబ్బ బలంగా వెయ్యకూడదు, అదుపు తప్పితే శిక్ష పడుతుంది. ఫుల్ కాంటాక్ట్, లో కిక్, కే-1 రింగులో జరుగుతాయి. ఫిట్‌నెస్ కోసం వచ్చే విద్యార్థి ఇవేవీ ఆడకపోయినా నష్టం లేదు. స్కిప్పింగ్, గాల్లోకి దెబ్బలు విసిరే షాడో, మాస్టర్ పట్టుకునే ప్యాడ్లు, బ్యాగ్, చివర్లో స్ట్రెచింగ్‌తో గంట చక్కగా గడిచిపోతుంది.

ఒంటికి ఎంత కావాలి?

5 నుంచి 17 ఏళ్ల వాళ్లు రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్లు కదిలేలా శ్రమించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందులో వారానికి కనీసం మూడు రోజులు గట్టిగా చెమట పట్టాలి, కండరాలకీ ఎముకలకీ పని పడాలి. 18 దాటినవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, లేదా 75 నుంచి 150 నిమిషాల కఠిన వ్యాయామం కావాలి. మరి జరుగుతున్నదేమిటి? 2016 నాటి లెక్కల ప్రకారం ప్రపంచంలో 11 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 81 శాతం మందికి ఆ కొలత అందడం లేదు. అబ్బాయిల్లో ఇది 78 శాతం, అమ్మాయిల్లో 85.

అపార్ట్‌మెంట్ భవనాల్లో నడిచే కాలేజీలకి గ్రౌండ్ ఉండదు. ఉన్నచోట కూడా ఈఏపీసెట్, జేఈఈ, నీట్ దగ్గరపడుతుంటే ముందు ఎగిరిపోయేది ఆటల పీరియడే. అలాంటి చోట కిక్‌బాక్సింగ్‌కి ఒక సౌలభ్యం ఉంది. దీనికి మైదానం అక్కర్లేదు, పదకొండు మందీ అక్కర్లేదు. ఓ చిన్న హాలు, ఓ జత గ్లవ్స్ చాలు. శ్రమకి మాత్రం లోటుండదు. ఆగకుండా చేస్తే గంటకి పది కిలోమీటర్ల వేగంతో పరిగెత్తినంత పని పడుతుంది. గుండె, ఊపిరితిత్తులు, పొట్ట, నడుము, తొడలు ఒకే గంటలో కదులుతాయి. గంటలకొద్దీ పుస్తకం మీదికి వంగిన వెన్ను నిటారుగా నిలుస్తుంది.

కోపం కక్కేస్తే పోతుందా?

‘‘కోపమొస్తే బ్యాగుని నాలుగు బాదు, పోతుంది’’ అనడం మనకి అలవాటు. అప్పట్లో అమెరికాలోని అయోవా స్టేట్ యూనివర్సిటీలో ఉన్న మనస్తత్వ శాస్త్రవేత్త బ్రాడ్ బుష్‌మన్ ఈ మాటని 600 మంది విద్యార్థులతో పరీక్షించాడు. 2002లో వచ్చిన ఆ అధ్యయనంలో, తమకి కోపం తెప్పించిన మనిషిని తలుచుకుంటూ బ్యాగుని కొట్టినవాళ్ల కోపం తగ్గకపోగా పెరిగింది. ఏమీ చెయ్యకుండా ఊరికే కూర్చున్నవాళ్లే వాళ్ల కన్నా నయమనిపించారు.

అయితే గ్లవ్స్ తీసి పక్కన పెట్టాలా? అక్కర్లేదు. బ్యాగు ముందు నిలబడ్డప్పుడు మనసులో ఏముందన్నదే ముఖ్యం. మంచి మాస్టర్ దగ్గర పగకి చోటుండదు. ‘‘జాబ్, క్రాస్, కిక్’’ అని ప్యాడ్లు ఎత్తేసరికి కళ్లు ప్యాడ్ మీద, ఊపిరి దెబ్బ మీద, బరువు పాదాల మీద ఉండాలి. నిన్నటి మార్కులు, రేపటి టెస్టు గుర్తుకొస్తే కాంబినేషన్ తప్పిపోతుంది. రెండు నిమిషాల రౌండ్, నిమిషం విశ్రాంతి, మళ్లీ రౌండ్. రోజంతా ర్యాంకుల చుట్టూ తిరిగిన బుర్రకి దొరికే తెరిపి అది.

కొన్నాళ్లకి మరో పాఠం మొదలవుతుంది. తోటి విద్యార్థి గ్లవ్ మెల్లగా ముఖం మీదికి వస్తుంటుంది. కళ్లు మూసుకోకూడదు, వెనక్కి తిరగకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. చూస్తూ తప్పుకోవాలి. భయం లేకపోవడం ఎవరివల్లా కాదు, భయం వేసినా కళ్లు తెరిచి ఉంచడం మాత్రం సాధనతో వస్తుంది. పరీక్ష హాల్లో తెలియని ప్రశ్న ఎదురైనప్పుడు విద్యార్థికి కావలసిందీ ఆ నిబ్బరమే.

వ్యాయామం ఆందోళననీ దిగులునీ తగ్గిస్తుంది, నిద్రకి తోడ్పడుతుంది. కానీ అన్నిటికీ ఇదే మందు కాదు. వారాల తరబడి దిగులు వీడకపోతే, చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే వెంటనే డాక్టర్‌ని కలవాలి. ‘‘ఆడితే అన్నీ పోతాయి’’ అని సరిపెట్టొద్దు.

అమ్మాయిలకి ఇంకాస్త ఎక్కువ

బాందీపొరాకి చెందిన కశ్మీరీ చిన్నారి తజముల్ ఇస్లాం 2016లో ఎనిమిదేళ్లకే ఇటలీలో ప్రపంచ సబ్‌జూనియర్ కిక్‌బాక్సింగ్ టైటిల్ గెలిచింది. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌ది బాక్సింగ్. 2022లో, 2023లో ఆమె ప్రపంచ చాంపియన్ అయ్యింది. ‘‘ఆడపిల్లకి ముఖం మీద దెబ్బ తగిలితే పెళ్లెలా?’’ అనే పెద్దలకి అంతకన్నా మంచి జవాబు ఉండదు.

ప్రభుత్వ బడుల్లో 6 నుంచి 12 తరగతుల అమ్మాయిలకి సమగ్ర శిక్షా కింద మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ ఉంది. అది మంచి మొదలు. కానీ మూడు నెలల్లో ఎవరూ యోధులు కారు. దాడి జరిగితే తప్పించుకుని పరిగెత్తడం, గట్టిగా అరవడం, సాయానికి పిలవడం ముందు నేర్చుకోవాలి. అక్కడే ఆపకుండా సాధన సాగిస్తే నడకలో, చూపులో, గొంతులో మార్పు వస్తుంది. తన ఒళ్లు తన మాట వింటుందని తెలిసిన పిల్ల నలుగురిలో వేరేగా నిలబడుతుంది.

చేరే ముందు ఇవి చూడండి

తలకి దెబ్బలు తగలడమే ఈ ఆటలో పెద్ద ప్రమాదం. పిల్లలకి దెబ్బ తగలని తరహా శిక్షణే మేలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో సూచించింది. అందుకే చేరిన వారానికే స్పారింగ్‌లోకి, అంటే జోడీతో తలపడే సాధనలోకి దింపే చోటికి వెళ్లకండి. తల దిమ్మెక్కినా, వాంతొచ్చినా వెంటనే ఆట ఆపి డాక్టర్‌కి చూపించాలి.

ముందు ఒక క్లాసు కూర్చుని చూడండి. మాస్టర్ వార్మప్ చేయిస్తున్నారా, తప్పుని ఓపిగ్గా దిద్దుతున్నారా, అమ్మాయిలతో మర్యాదగా ఉంటున్నారా గమనించండి. ఆస్తమా, గుండె జబ్బు, పాత గాయాలుంటే ముందే చెప్పాలి. గ్లవ్స్ కన్నా ముందు కొనాల్సినవి మణికట్టుకి చుట్టుకునే హ్యాండ్ ర్యాప్స్. జోడీతో ఆడే రోజు నుంచీ మౌత్‌గార్డ్, షిన్‌గార్డ్ తప్పనిసరి. ఫీజు భారమైతే హాస్టల్ డాబా మీద స్కిప్పింగ్ తాడుతో మొదలుపెట్టండి. కొన్నాళ్లు పద్ధతి నేర్చుకున్నాక, రెండేసి నిమిషాల షాడో రౌండ్లు మూడు చేసినా ఒళ్లు చెమటోడుతుంది.

అమ్మానాన్నలకీ కాలేజీ యాజమాన్యాలకీ ఒక్కటే మనవి. వారానికి మూడు గంటలు పోతే ర్యాంకు పోతుందని భయపడకండి. అలసి, తిని, కంటినిండా పడుకున్న పిల్లలే పుస్తకం దగ్గర మెలకువగా కూర్చోగలరు. పతకం రాకపోయినా, పోటీకే వెళ్లకపోయినా ఆ మూడు గంటలు వృథా కావు. చదువులో ఎదురుదెబ్బ తగిలిన రోజు గార్డ్ దించకుండా మళ్లీ నిలబడటం ఆ పిల్లలకి అలవాటై ఉంటుంది. టైంటేబుల్‌లో ఆ చోటు ఇవ్వాల్సింది పెద్దలే.