చలిసీమలో మొరాయించిన బండి

మన తెలుగునాట పుష్యమాసపు చలి యనగా తెల్లవారుజామున దుప్పటి ముసుగు దన్నుట, గడ్డకట్టిన కొబ్బరినూనె సీసాను ఎండలో నుంచుట, స్నానమునకు రెండు చెంబుల వేడినీళ్లు హెచ్చుగా తోడుకొనుట, ఇంతియే. మన్యములోని లంబసింగిలో ఉష్ణమానము సున్నకు సమీపించెనేని అది పత్రికలకు వార్త యగును. కాని మన బిడ్డలును, తోబుట్టువులును అనేకులు కాపురము లుండు కెనడా దేశపు మైదానములందును, అమెరికాలోని మిన్నెసోటా, ఉత్తర డకోటా రాష్ట్రములందును చలి సున్నకు క్రింద 30 డిగ్రీలకు దిగుట వింత కాదు. ఒక్కొక్కయేట 40 డిగ్రీలకును దిగును. అచ్చట నీళ్లు చల్లిన చల్లినచోటనే మంచగును. ఊపిరి విడిచిన కనురెప్పలపై తెల్లగా పేరుకొనును.

అట్టి సీమలో ఊరికిని ఊరికిని నడుమ దూరము హెచ్చు. పాలకైనను, బడికైనను, వైద్యుని కడకైనను బండి లేక కదలజాలరు. అచ్చటి గృహస్థులలో పలువురు పికప్ ట్రక్కును వాడుదురు. ముందర నలుగురైదుగురు కూర్చుండుటకు గది, వెనుక సామాను వేసికొనుటకు పైకప్పు లేని తొట్టి, ఇదియే దాని స్వరూపము. 1925వ సంవత్సరమున ఫోర్డు సంస్థవారు ఇట్టి తొట్టిని తమ కర్మాగారమునందే అమర్చి అమ్మ మొదలుపెట్టిరి. నాడు రైతుకును, వర్తకునకును ఉపకరించిన యా బండి నేడు కుటుంబపు బండి కూడ నైనది. చలిదినమున అది కదలనిచో చేయవలసిన దేమో ఇంటి యిల్లాలికి తెలిసియుండవలెను. ఈ మాట నాకు మా చెల్లెలి వలన బోధపడినది.

చెల్లెలు కెనడాలోని సస్కాచ్వాన్ ప్రాంతమున నున్నది. 2024వ సంవత్సరము జనవరి నడుమ పశ్చిమ కెనడాను కఠినమైన చలి పట్టినది. అందొకనాటి యుదయమున ఆమె మూడేండ్ల కుమారునకు చెవిపోటుతో జ్వరము వచ్చెను. మా మరది తోడివాని కారులో రాత్రిపనికి పోయి యింకను తిరిగి రాలేదు. చెల్లెలు బిడ్డను కంబళిలో చుట్టి, బండిలో కూర్చుండబెట్టి తాళము త్రిప్పగా టిక్కు టిక్కుమను చప్పుడు తప్ప మఱేమియు లేదు. భయముచేత పదిమాఱులు త్రిప్పెను. పిదప ఆ చప్పుడును నిలిచెను, దీపములును ఆఱిపోయెను. చేయునది లేక బిడ్డను మరల నింటిలోనికి గొనిపోయి, ప్రక్కయింటి వృద్ధురాలిని పిలిచెను.

ఆమె చిరకాలము సేద్యము చేసినది. తన బండిని తెచ్చి యెదుట నిలిపి, మూత యెత్తి, బ్యాటరీ ఉబ్బినదా, పగిలినదా యని ముందుగా చూచెను. తీగలు కలిపి కొంతసేపాగి తాళము త్రిప్పగా యంత్రము కదలెను. అప్పు డామె రెండే ప్రశ్న లడిగెను: ఈ బ్యాటరీ వయస్సెంత? శరత్కాలపు టుదయములందు బండి మూలుగుచు లేచెడిదా? బ్యాటరీకి ఆఱేండ్లు. అక్టోబరులో నాలుగైదు ఉదయములు అది మూలిగిన మాటయు నిజమే. “ఆనాడే అది నీతో చెప్పినది గదా” యని యామె పలికెనట. మధ్యాహ్నమునకు బిడ్డకు మందు దొరకెను. ఆ రాత్రి చెల్లెలు నాతో మాటలాడుచు, “అక్కయ్యా, మూడు నెలలు వినికూడ విననట్లుంటిని” అని కంటనీరు పెట్టుకొనెను.

చలి వలన బండికి క్రొత్తగా పుట్టు జబ్బులు కొన్నియే. వేసవిలో దాగియున్న దౌర్బల్యమును అది బయట పెట్టుటయే తఱచు. నలమహారాజు బాహుకుడై ఋతుపర్ణుని రథమును ఒక్క దినములో విదర్భకు చేర్చగలిగినది అశ్వహృదయ మెఱిగినవా డగుటచేతనే గదా! ఇనుపబండికిని హృదయము కలదు. అది చప్పుడుల వలన తెలియును. కావున బండి కదలనప్పుడు తాళమును మాటిమాటికి త్రిప్పక, ఒక్కమాఱు త్రిప్పి చెవియొగ్గి వినవలెను.

టిక్కు టిక్కుమని యూరకుండి, దీపములు మసకబారినచో లోపము బ్యాటరీయందో, దాని కొసల నంటిన తీగలయందో యుండును. యంత్రము మెల్లగా బరువుగా తిరిగిన బ్యాటరీ నీరసించినదైనను కావలెను, ఇంజను నూనె చిక్కబడినదైనను కావలెను. చక్కగా తిరిగియు అంటుకొనకున్న ఇంధనము అందకపోవుటయో, దానిని మండించు ప్లగ్గు చెడుటయో కారణము. అంటుకొని, కొంతదూరము పోయి బలము తగ్గి నిలిచిన డీజిల్ బండియైనచో ఇంధనపు వడపోతను అనుమానింపవలెను. ఈ నాలుగు చప్పుడుల భేద మెఱిగినచో సగము వైద్యము జరిగినట్లే.

మొదట బ్యాటరీ సంగతి. దానిలో శక్తి పుట్టుట రసాయనక్రియ వలన. చలిలో ఆ క్రియ మందగించును. సున్నకు క్రింద 18 డిగ్రీల చలిలో మంచి బ్యాటరీ సైతము తన బలములో సుమారు సగమే యీయగలదు. అదే చలిలో నూనె చిక్కబడుటచే యంత్రమును త్రిప్పుటకు హెచ్చు బలము కావలెను. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన సంసారము వంటి దీ స్థితి. బండి నడువక విశ్రమించియున్నపుడు కొలిచిన, నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపును, 12.2 చూపెనేని సగమే యున్నదని యర్థము. కొసలపై తెల్లగానో పచ్చగానో పేరుకొనిన తుప్పును సోడాయుప్పు కలిపిన నీటితో కడిగి, తుడిచి, తీగలను గట్టిగా బిగింపవలెను. నిండు బ్యాటరీ సున్నకు క్రింద 50 డిగ్రీలలో కూడ గడ్డకట్టదు. పూర్తిగా వట్టిపోయినది 10 డిగ్రీల లోపుననే గడ్డకట్టవచ్చును. గడ్డకట్టి యుబ్బిన బ్యాటరీకి తీగలు తగిలింపరాదు. అది ప్రేలు ప్రమాదము కలదు.

వేఱొక బండి నుండి బలము తెచ్చుకొనునపుడు క్రమము తప్పరాదు. ఎఱ్ఱతీగ ఒక కొసను చచ్చిన బ్యాటరీ ధనధ్రువమునకు, రెండవ కొసను మంచి బ్యాటరీ ధనధ్రువమునకు తగిలింపవలెను. నల్లతీగ ఒక కొసను మంచి బ్యాటరీ ఋణధ్రువమునకు తగిలించి, కడపటి కొసను చచ్చిన బండిలో బ్యాటరీకి దూరముగా నున్న రంగులేని గట్టి యినుమునకు పట్టింపవలెను. కడపటి కొస తగులునపుడు నిప్పురవ్వ లేచును. బ్యాటరీ చెంత వాయువు లుండును గనుక దానిని దూరముగా నుంచుట. తీయునపుడు ఈ క్రమమును తలక్రిందు చేయవలెను.

ఇక నూనె. చలికాలపు టుదయమున ఆముదము సీసా వంచి చూచిన సోదరీమణులకు నేను విశేషించి చెప్పనక్కఱ లేదు. ఇంజను నూనె డబ్బాపై 0డబ్ల్యూ, 5డబ్ల్యూ, 10డబ్ల్యూ అను గుఱుతు లుండును. ఆ యక్షరము చలికాలమును సూచించును. సంఖ్య చిన్నదగుకొలది చలిలో నూనె పలుచగా పాఱును. బండి పుస్తకములో చెప్పిన వానిలో చలికి తగినదానిని శరత్తులోనే పోయింపవలెను.

నూనెయు, ఇనుమును చల్లబడకుండ ఇంజనుకే చిన్న వేడిపొయ్యి నమర్చుట ఆ దేశపు ఆచారము. దానిని బ్లాక్ హీటరందురు. ఉత్తర డకోటాలోని గ్రాండ్ ఫోర్క్స్ నగరవాసి ఆండ్రూ ఫ్రీమన్ అను నాతడు 1949వ సంవత్సరమున ఇట్టి సాధనమునకు పేటెంటు పొందెను. బండి ముందుభాగమున వ్రేలాడు తీగను రాత్రి విద్యుత్తునకు తగిలింతురు. తెల్లవార్లు ఉంచనక్కఱ లేదు. బయలుదేరుటకు మూడు నాలుగు గంటల ముందు వెలుగునట్లు గడియారపు మీట పెట్టిన చాలును. తీగ తగిలించితి మను నమ్మకము చాలదు, విద్యుత్తు వచ్చుచున్నదా యని కూడ చూడవలెను.

డీజిల్ బండికి మఱియొక చిక్కు కలదు. డీజిల్‌లో మైనము వంటి పదార్థ ముండును. మన కొబ్బరినూనె మాగిపోయినట్లే చలిలో ఆ మైనము పొడియై, వడపోతలో చిక్కుకొని దారి మూయును. అందులకే చలిసీమలో చలికాలపు డీజిల్‌ను వేఱుగా అమ్ముదురు. వేసవిలో నింపిన డీజిల్‌తో శీతకాలమున బయలుదేరరాదు. వెచ్చని యూరినుండి చలియూరికి పోవునపుడు దారిలోనే చలికాలపు డీజిల్‌ను నింపుకొనవలెను. గడ్డకట్టకుండ కలుపు మందులును అమ్ముదురు గాని, వానిని మైనము కట్టకముందే కలుపవలెను. డీజిల్ ఇంజను నొక్కుడు వేడిచే మండునది. చలిలో ఆ వేడి చాలదు గనుక గ్లో ప్లగ్గులు ముందుగా కాగవలెను. తాళమును సగము త్రిప్పి, సుడితీగ బొమ్మ గల దీప మాఱువఱకు ఆగి, పిదప త్రిప్పవలెను. పెట్రోలు బండియైనను, డీజిల్ బండియైనను ట్యాంకు సగమునకు తగ్గనీయకున్న లోపల తేమ చేరి నీరగుట తగ్గును; దారిలో చిక్కుకొనిన నాడును అది యక్కఱకు వచ్చును.

ఇంజను చుట్టును తిరుగు చల్లదనపు ద్రవమును మాటయును వినుడు. గ్లైకాలును నీటిని సమపాళ్లలో కలిపిన ఆ ద్రవము సున్నకు క్రింద 37 డిగ్రీల దాక గడ్డకట్టదు. గ్లైకాలు మాత్రమే పోసిన మఱింత మేలగునని కొంద ఱనుకొందురు, అది పొరపాటు. నీరు కలియని గ్లైకాలు సున్నకు క్రింద 13 డిగ్రీలకే గట్టిపడును. ఈ ద్రవము తీయగా నుండు విషము. ఒలికినచో వెంటనే కడుగవలెను. పిల్లల చేతి కందనీయరాదు. ఎంతదూరము నడిచినను బండిలోనికి వెచ్చనిగాలి రాకున్న, ఆ ద్రవము తగ్గియుండును, లేదా థర్మోస్టాటు తెఱచుకొని బిగుసుకొనియుండును. వెచ్చదనము లేని బండి చలిసీమలో సుఖలోపము మాత్రమే కాదు. అద్దముపై మంచు కరగక దారియే కనబడదు. మంచు పట్టిన అద్దముపై వేడినీళ్లు పోయరాదు, పగులును.

పికప్ ట్రక్కునకు విశేషించి చెప్పవలసినది తొట్టి సంగతి. అది ఖాళీగా నున్న వెనుకచక్రములపై బరువు తక్కువై మంచుపై జాఱును. అందువలన వెనుక ఇరుసుపై ఇసుకబస్తాలు వేసి, కదలకుండ కట్టుదురు. చిక్కుకొనిన నాడు ఆ యిసుకయే చక్రముల క్రింద చల్లుటకు పనికివచ్చును. ఉష్ణమానము అయిదాఱు డిగ్రీలు తగ్గినప్పుడెల్ల టైరులో గాలి చదరపు టంగుళమునకు సుమారు ఒక పౌను తగ్గును. కావున చలికాలమున తఱచుగా కొలిపింపవలెను. నాలుగు చక్రములు లాగు బండి బయలుదేరుటకు మేలే గాని, ఆగుటకు అది యేమియు సాయపడదు.

కడపట అన్నిటికంటె ముఖ్యమైన మాట. మూసిన కొట్టములో బండిని నడిపి వేడిచేయరాదు; తలుపు తెఱచియుంచినను చేయరాదు. పొగగొట్టము నుండి వచ్చు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. నిద్ర పట్టినట్లే ప్రాణము పోవును. మంచుతుపానులో బండి చిక్కుకొనెనేని దిగి నడిచిపోరాదు, బండిలోనే యుండవలెను. పొగగొట్టము చుట్టును మంచు తొలగించి, గంటకు పది నిమిషములు మాత్రము ఇంజను నడిపి, గాలి వీచు దిక్కునకు ఎదుటివైపు అద్దమును కొంచెము దించవలెను. ఎఱ్ఱని గుడ్డను పైకి కనబడునట్లు కట్టవలెను. 2022వ సంవత్సరము డిసెంబరులో అమెరికాలోని బఫెలో నగరమును మంచుతుపాను ముంచినపుడు కొందఱు తమ బండ్లలోనే మరణించిరి. కావున బండిలో కంబళ్లు, పార, దీపము, త్రాగునీరు, తినుబండారము, కలుపు తీగలు ఎల్లప్పుడును ఉండవలెను.

సోదరీమణులారా! మీ బిడ్డ లట్టి దేశమున నున్నచో, బతుకమ్మ, దసరా పండుగల నాడు మాటలాడునపుడు పిండివంటల ముచ్చటతో బాటు బ్యాటరీ వయస్సును కూడ అడుగుడు. చలి రాకముందే దానిని పరీక్షింపజేయుటకు గంటసేపు చాలును. మా చెల్లెలు ఆ యేడే క్రొత్తది వేయించినది. అయినను మా అమ్మ నేటికిని ఆశ్వయుజము వచ్చినదనగా మనుమని యారోగ్యము నడిగి, వెంటనే, “బండి మూలుగుట లేదు గదా, అమ్మాయీ?” యని యడుగును. చెల్లెలు పోయి తాళము త్రిప్పి, ఆ చప్పుడును ఫోనులో అమ్మకు వినిపించును.