లారీలో చవకైన పార్టు

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే హైవే మీద నకిరేకల్ దాటితే కేతేపల్లి మండలం. అక్కడి కొర్లపహాడ్ టోల్‌గేటు దగ్గర ఏ పూట చూసినా లారీలు బారులు తీరి ఉంటాయి. కొత్త బండి డ్రైవరు అద్దాలు ఎత్తుకుని, ఒంటిచేత్తో స్టీరింగ్ తిప్పేసి పక్క లైనులోకి వెళ్లిపోతాడు. ఈ రోడ్డు 9వ నంబరు జాతీయ రహదారిగా, ఇరుకుగా ఉన్న కాలంలో ఎదురుగా లోడు బండి వస్తే ఒకరు మట్టిలోకి దిగక తప్పేది కాదు. దిగిన బండిని మళ్లీ తారు మీదికి ఎక్కించాలంటే డ్రైవరు సీట్లోంచి సగం లేచి, రొమ్ము ఆనించి, రెండు చేతులా స్టీరింగ్‌ని గుంజేవాడు.

లారీ కథ చెప్పేవాళ్లు సాధారణంగా హార్స్‌పవర్లూ టన్నులూ చెబుతారు. నాకు మాత్రం ఇంకో లెక్క ముఖ్యమనిపిస్తుంది. ఇవాళ బండిలో మిషను చేస్తున్న పనుల్లో ఎన్నింటిని ఒకప్పుడు మనిషి ఒళ్లు చేసింది? ఆ పని ఒంటి మీది నుంచి దిగడానికి ఎన్నేళ్లు పట్టింది?

ఈ కథ మొదట్లోనే అడ్డం తిరిగింది. 1896లో జర్మనీలో గాట్లీబ్ డైమ్లర్ మొదటి లారీ తయారుచేశాడు. 4 హార్స్‌పవర్ ఇంజను, ఒకటిన్నర టన్నుల బరువు మోసే బండి. ఇనుప పట్టా చక్రాల కుదుపుకి ఇంజను పాడవుతుందని దాన్ని స్ప్రింగుల మీద కూర్చోబెట్టాడు. డ్రైవరు మాత్రం గుర్రపుబండి తోలేవాడిలాగే ముందు బల్ల మీద, ఎండకీ వానకీ ఎదురుగా కూర్చున్నాడు.

మన వైపు మొదట తిరిగినవి పెట్రోలు లారీలు. బ్యాటరీ నీరసించిందంటే ముందు బంపరు కిందుగా హ్యాండిల్ దూర్చి ఇంజను తిప్పాలి. ఆ హ్యాండిల్ పట్టుకోవడానికో పద్ధతి ఉంది. బొటనవేలిని మిగతా నాలుగు వేళ్ల పక్కనే ఉంచాలి తప్ప, పిడి చుట్టూ బిగించకూడదు. నిప్పురవ్వ ముందుగా పడితే ఇంజను వెనక్కి తన్నుతుంది, బిగించిన వేలూ మణికట్టూ విరుగుతాయి. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకి రేషను పెట్టాక బండి వెనక బొగ్గు కొలిమి బిగించి, ఆ గ్యాసుతో నడిపారు. బండి కదలడానికి చాలా ముందే లేచి బొగ్గు రాజేయడం, బూడిద దులపడం క్లీనరు పని. అప్పటికి లారీ స్టార్టరు కూడా మనిషే.

1927లో బాష్ కంపెనీ డీజిల్ పంపుల తయారీ మొదలుపెట్టాక ప్రపంచమంతటా డీజిల్ లారీ నిలదొక్కుకుంది. 1954లో టాటా వాళ్ల టెల్కో, జర్మనీ డైమ్లర్ బెంజ్ కంపెనీలు పదిహేనేళ్ల ఒప్పందం చేసుకున్నాయి. జంషెడ్‌పూర్ నుంచి టాటా మెర్సిడెస్ బెంజ్ లారీలు రావడం మొదలైంది. ముందుకి పొడుచుకొచ్చిన బానెట్, దాని ముందు మూడు కొమ్మల నక్షత్రం. ఆరు సిలిండర్లు, 90 హార్స్‌పవర్ల చిల్లర. మద్రాసు పక్కన ఎన్నూరులో తయారైన లేలాండ్ కామెట్ దానికి పోటీ.

జంషెడ్‌పూర్ నుంచి బండి డీలరు దగ్గరికి ఎలా చేరేదో చాలామందికి తెలియదు. కంపెనీ అమ్మింది ఛాసీనే. ఇంజను, చక్రాలు, స్టీరింగ్, అంతే. క్యాబినూ బాడీ తర్వాత విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల వడ్రంగులూ కమ్మరులూ కట్టేవాళ్లు. ఈలోగా వెయ్యి కిలోమీటర్లకు పైగా దాన్ని ఒకడు నడుపుకు రావాలి. తలుపు లేదు, టాపు లేదు. చాలా బండ్లకు సీటుగా తాళ్లతో కట్టిన చెక్క పెట్టె ఉండేది. తలకి తువ్వాలు చుట్టి, కళ్లజోడు పెట్టుకుని, వానొస్తే తడుస్తూ, ఎదురు లారీ లేపిన దుమ్ము మింగుతూ వచ్చేవాడు.

బండి చేతికొచ్చాక అసలు పరీక్ష గేరుది. కేతేపల్లి నుంచి సూర్యాపేట వైపు పోతే దారి మూసీని దాటుతుంది. మూసీ ప్రాజెక్టు ఆయకట్టు వడ్లతో నిండిన పాత లారీ ఇలాంటి చోట వాలు దిగి ఎగువ ఎక్కుతోందనుకోండి. వేగం తగ్గుతోంది, కింది గేరులోకి రావాలి. అప్పటి గేరుబాక్సులో రెండు పళ్లచక్రాలు ఒకే వేగంతో తిరిగితేనే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఆ వేగాలను కలపడం డ్రైవరు పని. క్లచ్ తొక్కి గేరుని న్యూట్రల్‌లోకి తేవాలి. క్లచ్ వదిలి, ఎక్సిలేటర్‌ని ఒక్క దెబ్బ తొక్కి ఇంజను రేజు చేయాలి. మళ్లీ క్లచ్ తొక్కి, ఇంజను మోత సరిగ్గా ఆ స్థాయికి వచ్చిన క్షణంలో గేరు దూర్చాలి. కొలవడానికి మీటరు లేదు, చెవే ఆధారం. ముందు తోసినా, ఆలస్యమైనా కర్రుమని పళ్లు గీరుకుంటాయి. గేరు పడలేదంటే లోడు బండి ఎగువలో వెనక్కి జారుతుంది. క్లీనరు చెక్క పట్టుకుని కిందికి దూకి, చక్రం వెనక పెట్టాలి. కదులుతున్న చక్రం కింద చెయ్యి పెట్టే ఉద్యోగం అది, పైగా ఆ చెయ్యి చాలాసార్లు పద్నాలుగేళ్ల పిల్లవాడిది.

ఈ కష్టాన్ని తీర్చే సింక్రోమెష్ గేరుబాక్సు 1928లోనే అమెరికాలో కాడిలాక్ కారులోకి వచ్చింది. స్టీరింగ్ సంగతి ఇంకా విచిత్రం. లారీలు తయారుచేసే పియర్స్ యారో కంపెనీలో పనిచేసిన ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజినీరు, బరువు బండి స్టీరింగ్ తిప్పడం ఎంత కష్టమో చూసి, 1926లో నూనె ఒత్తిడితో తిరిగే పవర్ స్టీరింగ్ చేసి చూపించాడు. లారీ డ్రైవరు కోసం పుట్టిన ఆలోచన 1951లో మొదటిసారి బజారుకెక్కింది క్రైస్లర్ వాళ్ల ఖరీదైన కారులో. మన డ్రైవర్లలో ఎక్కువమంది ఆ తర్వాత ఇంకా దశాబ్దాల పాటు భుజాలతోనే తిప్పారు.

ఉదయం బండి లేపడం కూడా ఓ తతంగం. డీజిల్ ఇంజనుకి నిప్పురవ్వ ఉండదు. గాలిని బాగా నొక్కితే పుట్టే వేడికే నూనె అంటుకుంటుంది. చలిలో ఆ వేడిని ఇనుము లాగేసుకుంటుంది. అందుకే బెంజ్ బండికి హీటర్ ప్లగ్గులు. డ్యాష్‌బోర్డు మీది తీగె ఎర్రబడేదాకా చూసి అప్పుడు స్టార్టు చేయాలి. నూనె గొట్టంలోకి గాలి చేరితే అదీ కుదరదు. స్క్రూ వదులు చేసి, బుడగలు పోయి ఒట్టి డీజిల్ వచ్చేదాకా చేత్తో పంపు కొట్టాలి. బ్యాటరీ మీద నమ్మకం లేనివాడు రాత్రి బండిని వాలు చూసి ఆపుకునేవాడు.

టైరు మార్చడం అన్నిటికంటే భయపెట్టే పని. పాత రిమ్ము ఒకటే ముక్క కాదు, టైరు జారకుండా పక్కన ఇనుప రింగు బిగించేవాళ్లు. ఆ రింగు గాడిలో సరిగా కూర్చోకుండా గాలి నింపితే గుండులా ఎగిరి వస్తుంది. తలలు పోయిన సందర్భాలున్నాయి. తెలిసిన పంచరు దుకాణంవాళ్లు ఇనుప బోనులో పెట్టి గాలి కొట్టేవాళ్లు.

బ్రేకుల విషయానికొస్తే, మన్ననూరు నుంచి శ్రీశైలం వైపు నల్లమల ఘాటు దిగేవాళ్లకి ఒక నియమం ఉండేది: ఏ గేరులో ఎక్కుతావో అదే గేరులో దిగు. పాత నూనె బ్రేకుల మీదే భారమంతా వేస్తే డ్రమ్ములు కాలి, నూనె మరిగి, పెడల్ మెత్తగా కిందికి పోతుంది. ఎన్నిసార్లు పంపు కొట్టినా పట్టదు. గాలి బ్రేకు వచ్చాక, అందులోనూ స్ప్రింగు బ్రేకులు జతయ్యాక లెక్క తిరగబడింది. గాలి పోతే బ్రేకు పోదు, స్ప్రింగు చక్రాన్ని పట్టేసి బండిని ఆపేస్తుంది. నా దృష్టిలో లారీకి వచ్చిన మార్పులన్నిటిలో పెద్దది ఇదే.

బానెట్ పొట్టిదై క్యాబిన్ ముందుకి జరిగాక లోడుకి చోటు పెరిగింది, ఇంజను సగం క్యాబిన్‌లోకి వచ్చింది. నల్లగొండ మే నెలలో బయట 45 డిగ్రీలుంటే, లోపల ఎడమకాలి పక్కన పొయ్యి మండుతున్నట్టే. తడిగోనె పరిచినా గంటలో ఎండిపోయేది. ఏసీ కారులోకి 1940 నాటికే వచ్చింది, ప్యాకార్డ్ కంపెనీ అమ్మింది. మన దేశంలో లారీ క్యాబిన్‌కి ఏసీ తప్పనిసరి చేసిన నిబంధన 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే బండ్లకు వర్తిస్తుంది. మధ్యలో 85 ఏళ్లు.

ఈ ఆలస్యానికి కారణం ఇంజినీర్లకి చేతకాకపోవడం కాదు. లారీ కొనేవాడు ఓనరు, నడిపేవాడు వేరు. కిస్తీ లెక్కలో టన్నుకీ డీజిల్‌కీ విలువ ఉంది, భుజం నొప్పికి లేదు. అరిగితే మార్చుకోగలిగిన పార్టుల్లో డ్రైవరే చవక.

పాత కష్టాల్లో ఒకటి మాత్రం ఇంకా బండి దిగలేదు: గంటల లెక్క లేని డ్యూటీ. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే రోజుకి 8 గంటలు, దూరపు దారుల్లో 10 గంటలు మించి పని చేయించకూడదని చెప్పింది. రాత్రంతా నడిపి కొర్లపహాడ్ గేటు దగ్గర కళ్లు నులుముకునే డ్రైవరుకి ఆ చట్టం పేరైనా తెలుసో లేదో. లారీ ఓనర్లు ఏసీ బండి కొన్న చేత్తోనే, దూరపు ట్రిప్పుకి రెండో డ్రైవర్ని కూడా పెట్టాలి.