రెండు రెక్కల లెక్క: మోడల్ బైప్లేన్ కోణాలపై అపోహలు – వాస్తవాలు

మోడల్ బైప్లేన్ కట్టడం ఒక ఎత్తు, దాని రెక్కలనూ తోకనూ సరైన కోణాల్లో నిలపడం మరో ఎత్తు. ఒక డిగ్రీ తేడా బల్ల మీద కంటికి ఆనదు. గాల్లోకి లేచాక మాత్రం స్టిక్ పట్టిన చేతికి వెంటనే తెలిసిపోతుంది. ఈ కోణాల గురించి చెలామణిలో ఉన్న కొన్ని అపోహలను చూద్దాం.

అపోహ: ఇన్సిడెన్స్ అన్నా, యాంగిల్ ఆఫ్ అటాక్ అన్నా ఒకటే.

వాస్తవం: ఇన్సిడెన్స్ అంటే ఫ్యూజిలేజ్ ఆధారరేఖకూ రెక్క కార్డ్ లైనుకూ మధ్య కోణం. అది రెక్క బిగించినప్పుడే ఖాయమవుతుంది. యాంగిల్ ఆఫ్ అటాక్ ఎదురొచ్చే గాలిని బట్టి ఉంటుంది, ఎగురుతున్నంతసేపూ మారుతూనే ఉంటుంది. కాబట్టి చక్రాల మీద నిలబడిన మోడల్ ముక్కు ఎంత పైకి ఉందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. రెండు రెక్కలు, తోక, ఇంజన్ ఒకదానికొకటి ఏ కోణంలో ఉన్నాయన్నదే ముఖ్యం.

అపోహ: రెక్క అడుగున బద్ద ఆనిస్తే కోణం తెలిసిపోతుంది.

వాస్తవం: కార్డ్ లైన్ రెక్క ముందంచు కొస నుంచి వెనకంచు దాకా వెళ్లే గీత. అడుగు చదునుగా ఉండే క్లార్క్ వై రెక్కలో ఈ గీతకూ అడుగుకూ మధ్య సుమారు 2 డిగ్రీల తేడా ఉంటుంది. అడుగు సున్నా చూపిస్తే అసలు కోణం 2 డిగ్రీలన్నమాట.

అపోహ: కోణం కొలవడానికి ఖరీదైన మీటర్ ఉండాల్సిందే.

వాస్తవం: చదునైన బల్ల, ఒక స్కేలు చాలు. ముందుగా తోక స్టెబిలైజర్ బల్లకు సమాంతరంగా వచ్చేలా ఫ్యూజిలేజ్ కింద దిమ్మలు పెట్టండి. తర్వాత బల్ల నుంచి రెక్క ముందంచు, వెనకంచు ఎత్తులు కొలవండి. రెక్క వెడల్పు 250 మిల్లీమీటర్లయితే 4.4 మిల్లీమీటర్ల తేడా 1 డిగ్రీ, 2.2 అయితే అర డిగ్రీ. కుడి ఎడమల్లో మొదట్లోనూ చివరల్లోనూ కొలవండి. లెక్కలు కలవకపోతే రెక్క మెలి తిరిగినట్టే. రెండు రెక్కలను కలిపే స్ట్రట్లు బిగించాక మళ్లీ కొలవడం మరవద్దు. పొడవు సరిపోని స్ట్రట్‌ను బలవంతంగా దూరిస్తే రెక్కే వంగుతుంది.

అపోహ: పై రెక్కకు ఎప్పుడూ కింది రెక్కకన్నా ఎక్కువ కోణం ఇవ్వాలి.

వాస్తవం: చూడాల్సింది ఏది పైన ఉందని కాదు, ఏది ముందుందని. ముందున్న రెక్క ముందుగా స్టాల్ అయితే, అంటే లిఫ్ట్ కోల్పోతే, ముక్కు దానంతటదే దిగి వేగం పుంజుకుంటుంది. 1931లో తొలిసారి ఎగిరిన టైగర్ మాత్‌లో పై రెక్క ముందుంటుంది. 1932 నాటి బీచ్ స్టాగర్‌వింగ్‌లో కింది రెక్క ముందుంటుంది. రెంటికీ ఒకే సూత్రం ఎలా సరిపోతుంది? విన్యాసాల మోడళ్లలో రెండు రెక్కలనూ తోకనూ సున్నా దగ్గరే ఉంచడం మామూలే. మీ మోడల్ ప్లాన్ చెప్పిందే పాటించండి.

అపోహ: సీజీని (గురుత్వ కేంద్రాన్ని) పై రెక్క వెడల్పులో మూడో వంతు దగ్గర పెడితే చాలు.

వాస్తవం: రెండు రెక్కలూ కలిపి లెక్కించాలి. సమాన రెక్కలున్న మోడల్‌లో పై రెక్క 60 మిల్లీమీటర్లు ముందుంటే, దాని ముందంచుకు 30 మిల్లీమీటర్ల వెనక నుంచి సగటు రెక్క మొదలవుతుంది. అక్కడి నుంచి వెడల్పులో 25 శాతం దగ్గర సీజీతో తొలిసారి ఎగరేయడం క్షేమం.

అపోహ: థ్రాటిల్ పెంచగానే ముక్కు లేస్తోందంటే తోక కోణం తప్పే.

వాస్తవం: తోకను కదిపే ముందు ఒక పరీక్ష చేయండి. తగినంత ఎత్తులో మోడల్‌ను సమంగా ట్రిమ్ చేసి, థ్రాటిల్ తగ్గించి, కొద్దిపాటి డైవ్‌లో పెట్టి స్టిక్ వదిలేయండి. గట్టిగా పైకి లేస్తే ముక్కు బరువెక్కువ, సీజీని కాస్త వెనక్కి జరపాలి. డైవ్ ఇంకా నిటారైతే సీజీని ముందుకు తేవాలి, స్టిక్ వెంటనే లాగాలి. డైవ్‌లో బాగానే ఉండి థ్రాటిల్‌తో మాత్రమే ముక్కు లేస్తుంటే ఇంజన్‌కు ఒక డిగ్రీ డౌన్ థ్రస్ట్ (కిందికి వంపు) పెంచి చూడండి.

ఏ మార్పయినా ఒకసారికి ఒక్కటే చేయండి, చేసింది రాసి పెట్టుకోండి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.