ఒంగోలు మందకు విత్తనపు కోడె: ఎంపికలో చూడవలసినవి

మీ మందలో 20 ఆవులున్నవనుకొందాము. వాటిలో ఒక ఆవు నాసిరకమైనదైతే ఏటికి ఒక దూడ నాసిగా పుడుతుంది. నష్టం అక్కడితో ఆగుతుంది. మందకు వదలిన కోడె నాసిరకమైనదైతే ఆ ఏడు పుట్టిన ప్రతి దూడలోను సగం దాని రక్తమే. ఒకదాని తరువాత ఒకటిగా మూడు కోడెలను మార్చి, వాటికి పుట్టిన పెయ్యలనే మందలో నిలుపుకొంటూ వచ్చిన రైతు, మూడవ కోడెకు పుట్టిన దూడలను చూచినపుడు వాటి వంశంలో 87.5 శాతం ఆ మూడు కోడెల నుండియే వచ్చినదని గ్రహించవలెను. తాతగారి నాటి ఆవుల వంతు ఎనిమిదింట ఒకటి మాత్రమే మిగులుతుంది. ఇంతటి ప్రాధాన్యం గల పశువును చాలామంది రైతులు ఒక పూట సంతలో, రంగు, మూపురం, సుడులు చూచి, దళారి మాట మీద కొనుచున్నారు.

కోడె అవసరమా అన్నది ముందుగా ఆలోచించవలెను. కృత్రిమ గర్భధారణ కేంద్రం దగ్గరగా ఉండి, ఎద సమయానికి సిబ్బంది అందుబాటులో ఉన్న గ్రామాలలో కోడెకై అప్పు చేయనక్కరలేదు. నంద్యాల, విశాఖపట్టణం కేంద్రాలలో పరీక్షించిన ఆంబోతుల వీర్యం తయారవుతున్నది. కానీ బీళ్ళలో మేసే మందల సంగతి వేరు. మన జాతి ఆవులలో ఎద తక్కువ గంటలుంటుంది. తరచు రాత్రివేళ వచ్చి పోతుంది. కాపరి గమనించేసరికి వేళ మించిపోతుంది. అట్టి మందలకు మందలోనే తిరిగే కోడె తప్పదు. ఈ వ్యాసం ఆ రైతుల కొరకు, వారికి కోడెలను అమ్మే వర్తకుల కొరకు.

లావు చూచి మోసపోరాదు

ఋణ పరిశీలనకై గ్రామాలకు పోయినపుడు నేను గమనించిన ఒక ఉదంతం చెప్పెదను. ఒక రైతు రెండు పళ్ళ కోడెను మంచి ధరకు కొన్నాడు. తెల్లని మేని రంగు, నిగనిగలాడే చర్మం, ఎత్తైన మూపురం. ఊరంతా వచ్చి చూచినది. ఆరు నెలలలో 18 ఆవులకు ఆరు మాత్రమే చూలు కట్టినవి. మిగిలినవి 21 రోజులకొకసారి తిరగబొర్లుచునే ఉన్నవి. ఆవులకు మేత లోపమని తలచి దాణా పెంచినారు. చివరకు పశువైద్యుడు కోడెను పరీక్షించగా ఒక వృషణం చిన్నదిగాను, మెత్తగాను ఉన్నట్లు తేలినది. ఆ పరీక్షకు పట్టినది పావుగంట. కొనుటకు ముందే చేయించి ఉంటే ఒక సంవత్సరపు దూడలు దక్కేవి. బ్యాంకు వాయిదా మాత్రం తేదీకి రానే వచ్చినది.

అమ్మకానికి సిద్ధపరచిన కోడెకు తవుడు, తెలగపిండి ఎక్కువగా పెట్టి లావెక్కించుట వర్తకంలో ఉన్న అలవాటే. వృషణాలు శరీర ఉష్ణోగ్రత కంటే కొన్ని డిగ్రీలు చల్లగా ఉన్నపుడే వీర్యం చక్కగా తయారవుతుంది. అతిగా మేపిన కోడెకు వృషణాల తిత్తి మెడ వద్ద కొవ్వు పేరుకొని ఆ చల్లదనం తగ్గుతుంది. కనుక మరీ లావైన కోడె కంటే ప్రక్కటెముకలు లీలగా తెలియునట్లు, కండ పట్టి, చురుకుగా నడిచే కోడె మేలు. ఇది వర్తకులకు రుచించని మాటయే అయినను చెప్పక తప్పదు.

వయస్సును పళ్ళను బట్టి అంచనా వేయుట మన రైతులకు తెలిసినదే. బండలాగుడు పోటీలలో పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు అని విభాగాలు చేయుట కూడా అందుకే. మొదటి జత శాశ్వత దంతాలు సుమారు రెండు నుండి రెండున్నర ఏళ్ళకు, రెండవ జత మూడేళ్ళ ప్రాంతంలో వస్తాయి. మేతను బట్టి కొన్ని నెలలు అటు ఇటు కావచ్చును. విత్తనానికి రెండు పళ్ళ కోడె అనువైనది. పాలపళ్ళ దూడ చవకగా వచ్చును గాని, అది ఎట్లు ఎదుగునో తెలియదు.

కొలత టేపు, ఒక నోటు పుస్తకం

కోడె పెరుగుదలను కంటితో గాక కొలతతో తెలిసికొనవలెను. కాటా లేనిచోట దర్జీ టేపు చాలును. ముందు కాళ్ళ వెనుకగా ఛాతీ చుట్టుకొలతను, భుజపు మొన నుండి పిరుదు ఎముక చివర వరకు పొడవును అంగుళాలలో తీసుకొనండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో హెచ్చించి, దానిని పొడవుతో హెచ్చించి, 660 చేత భాగిస్తే బరువు కిలోలలో వస్తుంది. చుట్టుకొలత 60 అంగుళాలు, పొడవు 50 అంగుళాలు ఉన్న కోడె బరువు సుమారు 273 కిలోలు. ఇది అంచనాయే, కానీ ఒకే చేతితో ఒకే విధంగా కొలిచినచో రెండు కోడెల మధ్య తేడా చక్కగా తెలుస్తుంది.

ఇక్కడ ఒక మెలకువ ఉన్నది. పెరుగుదలలో కనిపించే తేడాలలో సుమారు మూడింట ఒక వంతు మాత్రమే వంశం వలన వచ్చేది. మిగిలినది మేత, సాకుడు. అందుచేత వేరువేరు ఇండ్లలో పెరిగిన రెండు కోడెలను పోల్చుట వలన ఎవరు బాగా మేపినారో తెలియునే గాని, ఏ కోడె మంచిదో తెలియదు. ఒకే ఇంట, ఒకే మేతపై, ఒకే కారులో పుట్టిన దూడలలో ముందున్న దానిని ఎంచుకొనండి. అమ్మే ఆసామి పాకలో దాని ఈడు దూడలు ఉంటే అవి కూడా చూడవలెను. ఒక్క కోడెను మాత్రమే ఊరి బయట చెట్టు నీడన చూపించే బేరానికి తొందరపడకండి.

ఈ కొలతల విలువను తెలిసికొనుటకు మన పశువు చరిత్రయే చాలును. ఒంగోలు జాతి పశువులు 19వ శతాబ్దం నుండి బ్రెజిల్ దేశానికి పోయినవి. 1960ల తొలి సంవత్సరాలలో మరికొన్ని మేలైన కోడెలు వెళ్ళినవి. వాటిలో ఒంగోలు దగ్గరి కరవది గ్రామం పేరుతో ప్రసిద్ధి చెందిన ఆంబోతు ఒకటి. అక్కడ నెల్లూరు పేరు మీదుగా ఆ జాతిని 'నెలోర్' అంటారు. నేడు ఆ దేశపు మాంసపు పశువులలో అధిక భాగం ఈ జాతివి, దీని సంకరాలే. అక్కడి రైతులు దూడ పుట్టిన తేదీ, తల్లిపాలు మానిన నాటి బరువు, ఏడాది బరువు, ఏడాదిన్నర బరువు, వృషణాల చుట్టుకొలత వ్రాసి ఉంచుకొని, ఆ అంకెలపై కోడెలను ఎన్నుకొన్నారు. వారి లక్ష్యం మాంసం. మన లక్ష్యం సేద్యపు బలం, ఇంటికి పాలు, మంచి కోడెదూడల అమ్మకం. లక్ష్యం వేరైనను త్వరగా ఎదుగుట, త్వరగా ఈడేరుట అందరికీ కావలసిన గుణాలే. బంగారం మనది, తూకం వారిది అయినది.

వృషణాల చుట్టుకొలత విషయం కొంత వివరించవలెను. రెండు వృషణాలను క్రిందికి దించి, తిత్తి బాగా లావుగా ఉన్నచోట టేపు చుట్టి చూస్తారు. ఇది పశువైద్యుని చేతనే చేయించండి. విదేశీ మాంసపు జాతులలో 15 నెలల వయస్సుకు 30 సెంటీమీటర్లు కనీసమని లెక్క. మన జాతులు ఆలస్యంగా ఈడేరుతాయి కావున ఆ అంకెను మన కోడెలకు యథాతథంగా అంటగట్టకూడదు. దాని ఈడు కోడెలతో పోల్చి పెద్దదిగా ఉన్నదానిని కోరుకొనవలెను. ఈ గుణం వంశంలో బాగుగా దిగుతుంది. పైగా దీనిలో ముందున్న కోడెలకు పుట్టిన పెయ్యలు కూడా త్వరగా ఎదకు వస్తాయని పరిశోధనలలో తేలినది. ఒంగోలు పెయ్య మొదటి ఈతకు మూడేళ్ళు దాటుట సాధారణం. అందులో నాలుగైదు నెలలు కలసివచ్చినా రైతుకు ఆ మేరకు మేత ఖర్చు మిగులును.

తల్లిని చూడకుండా కొనకండి

వీలైన ప్రతిచోట కోడె తల్లిని చూడవలెను. ఒంగోలు ఆవు ఈతకు సుమారు 600 నుండి 1000 కిలోల పాలిస్తుంది. పాలలో పై శ్రేణిలో ఉన్న తల్లి కొడుకునే తీసుకొనండి. అంతకంటే ముఖ్యమైన ప్రశ్న: తల్లి ఇప్పటికి ఎన్ని ఈతలు ఈనినది, మొదటి ఈత ఏ వయస్సున? పదిహేను నెలలకొకసారి ఈనుచు వచ్చిన ఆవు, రెండేళ్ళకొకసారి ఈనే ఆవు కంటే ఎంతో మేలు. పొదుగు వ్రేలాడక, చన్నులు దూడ నోటికి అందే పరిమాణంలో ఉన్నవో లేవో చూడండి.

జాతి లక్షణాలు తేలికగా తీసివేయవలసినవి కావు. తెల్లని శరీరం, మగవాటికి తల, మెడ, మూపురంపై బూడిద రంగు, పొట్టి కొమ్ములు, మడతలు పడిన గంగడోలు ఉండవలెను. శరీరంపై ఎర్రని మచ్చలున్న కోడె విత్తనానికి పనికిరాదు. సుడుల విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు. సుడి కోడె ధరను మార్చును గాని దూడల నాణ్యతను మార్చదు. సుడి బాగులేదని ధర తగ్గిన కోడె మిగిలిన అన్నింటిలో బాగుంటే నిశ్చింతగా కొనవచ్చును.

నడక చూచుటకు కోడెను రాతినేలపై కొంతదూరం నడిపించండి. దాటునపుడు బరువంతా వెనుక కాళ్ళపై పడును. మడమ కీలు నిటారుగా కర్రవలె ఉన్నను, కొడవలివలె మరీ వంగినను ఆ కోడె ఎక్కువకాలం నిలువదు. గిట్టలు సమంగా, నల్లగా, చీలికలు లేకుండా ఉండవలెను. ముందరి తొడుగు, అనగా బొడ్డు క్రింది చర్మం, మోకాలి దాకా వ్రేలాడే కోడెలను వదలివేయండి. బీళ్ళలోని ముళ్ళకు, మోళ్ళకు తగిలి పుండ్లు పడి దాటలేనివవుతాయి. ఆ లోపం కొడుకులకు కూడా సంక్రమించును.

పరీక్షలు, బయానా

జత కట్టుటవలన వ్యాపించే వ్యాధులున్న కోడె ఒక్కటే మందనంతటిని పాడుచేయగలదు. బ్రూసెల్లా వ్యాధికి రక్తపరీక్ష తప్పనిసరి. ఈ టీకాను నాలుగు నుండి ఎనిమిది నెలల ఆడదూడలకే వేస్తారు, మగవాటికి వేయరు. కనుక కోడెకు పరీక్షలో వ్యాధి ఉన్నట్లు వస్తే టీకా ప్రభావమని అమ్మేవారు చెప్పే మాట నమ్మకండి. ఆ వ్యాధి మనుష్యులకు కూడా సోకును. క్షయ పరీక్ష, వీర్య పరీక్ష కూడా చేయించండి. గాలికుంటు, లంపీ చర్మవ్యాధి వచ్చి తగ్గినదా అని అడుగండి. వీర్యకణం తయారగుటకు సుమారు రెండు నెలలు పట్టును. జ్వరం తగ్గిన తరువాత కూడా అంతకాలం చూలు కట్టకపోవచ్చును.

బయానా చీటీలో ఒక వాక్యం వ్రాయించుకొనండి: పశువైద్యుని పరీక్షలో తప్పినచో బయానా తిరిగి ఇవ్వవలెను. దీనికి అంగీకరించని అమ్మకందారు వద్ద కొనకుండుట మంచిది. వర్తకులు పరీక్షా పత్రాన్ని, తల్లి ఈతల వివరాన్ని, 12 అంకెల చెవిపోగు సంఖ్యను ముందుగానే సిద్ధంగా ఉంచినచో బేరం త్వరగా తెగును. మా బ్యాంకు అధికారులకు కూడా ఋణ మంజూరు సులభమగును.

ఇంటికి తెచ్చిన కోడెను 30 రోజులు మందకు దూరంగా కట్టివేయండి. పురుగుల మందు త్రాగించి, చొప్ప, పిల్లిపెసర వంటి పప్పుజాతి మేతకు అలవాటు చేయండి. రెండున్నరేళ్ళ కోడెకు మొదటి కారులో 15 నుండి 20 ఆవులకు మించరాదు.

వాయిదాల లెక్క

కోడె పాలివ్వదు. మందకు వదలిన నాటినుండి తొలి దూడ పుట్టుటకే తొమ్మిదిన్నర నెలలు, ఆ దూడ ఏడాది పెరిగి అమ్మకానికి వచ్చుటకు దాదాపు రెండేళ్ళు పట్టును. పాడి ఆవు ఋణం వలె నెలనెలా వాయిదా పెట్టించుకొంటే ఇంటిలోని ఇతర ఆదాయం నుండి కట్టవలసివస్తుంది. దరఖాస్తులోనే ఈ లెక్క వ్రాసి, తొలి దూడల అమ్మకం వరకు అసలు వాయిదాకు విరామం కోరవలెను. ఆ కాలపు వడ్డీ ఎంతో ముందే అడిగి తెలిసికొనండి. పశుబీమా పత్రంలో కోడె పెంపకానికి వాడబడుచున్నదని స్పష్టంగా వ్రాయించండి.

మూడేళ్ళు నిండే నాటికి దాని కుమార్తెలు ఎదకు వస్తాయి. ఈలోపలనే పొరుగూరి రైతుతో కోడెను మార్చుకొనుట మంచిది. మార్పిడికి ముందు రెండు కోడెలకూ బ్రూసెల్లా పరీక్ష మరల చేయించవలెను. ఋణం తీరకుండా ఉన్న కోడె బ్యాంకుకు తనఖా కనుక, మార్పిడికి శాఖ నుండి వ్రాతపూర్వక అనుమతి పొంది, కొత్త కోడె చెవిపోగు సంఖ్యను బీమా పత్రంలోను, ఋణ ఖాతాలోను ఎక్కించుకొనవలెను.