ముందే చేసి దాచుకుంటే... కేకు రోజు హడావుడి ఉండదు!

శ్రావణమాసం. బయట వాన, ఇంట్లో ఉక్క. పక్కింటి పిన్నిగారి మనవడి మొదటి పుట్టినరోజు. 'కేకు నువ్వే చెయ్యాలమ్మా, పైన ఏనుగు పిల్ల ఉండాలి' అన్నారావిడ. ముందురోజు రాత్రి ఫాండెంట్‌తో ముద్దొచ్చే ఏనుగుని చేసి, పాడవకుండా ఉంటుందని ఫ్రిజ్‌లో పెట్టాను. మర్నాడు తీసి బల్ల మీద పెట్టానో లేదో, ఒళ్లంతా చెమట పట్టేసింది! కాసేపటికి తొండం జారింది, చెవులు వాలాయి. చివరికి కేకు మీద బాబు పేరు, నాలుగు చుక్కలు మాత్రమే మిగిలాయి. పిన్నిగారు ఒక్క మాట కూడా అనలేదు. కానీ ఆ ఫొటోలు చూసినప్పుడల్లా నాకే మనసు చివుక్కుమంటుంది.

తప్పు ఏనుగుది కాదు, నేను దాచిన చోటుది. ఫాండెంట్ అంటే చాలావరకు పంచదారే. వానాకాలంలో మూత సరిగా పెట్టని బెల్లం డబ్బా ఏమవుతుందో మీకు తెలుసుగా! ఇదీ అంతే, తేమను లాక్కుంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి బొమ్మ మీద గాలిలోని తేమ నీటిబొట్లుగా చేరుతుంది. అందుకే బొమ్మల్ని ముందే చేసి, బాగా ఆరబెట్టి, బయటే దాచుకోవాలి.

ఎన్నాళ్ల ముందు?

పల్చటి అక్షరాలు, నక్షత్రాలకు ఒకటి రెండు రోజులు చాలు. పూలు, బో ముడులకు 2, 3 రోజులు. లావుపాటి బొమ్మలైతే వారం ముందే మొదలుపెట్టండి. వానాకాలమైతే ఇంకో రెండు రోజులు కలుపుకోండి.

త్వరగా గట్టిపడాలంటే 250 గ్రాముల ఫాండెంట్‌కి ఒక టీస్పూను సీఎంసీ పొడి కలిపి బాగా మర్దించండి. ఇది బేకింగ్ సామాన్ల షాపుల్లో దొరుకుతుంది. చిటికెడు పొడిని రెండు చెంచాల నీళ్లలో నానబెడితే ముక్కలు అతికించే జిగురు కూడా సిద్ధం. రంగులు జెల్‌వే వాడండి, నీళ్ల రంగులు వేస్తే ముద్ద జారుగా అయిపోతుంది. శాకాహారుల కోసం చేస్తుంటే ప్యాకెట్ మీద జెలటిన్ ఉందేమో చూసుకోండి.

ఆరబెట్టేదిలా...

అక్షరాలను స్పాంజి షీటు మీద పరిచి, మధ్యలో ఒకసారి తిప్పండి. లేదంటే అంచులు పైకి లేస్తాయి. రేకులకు వంపు రావాలంటే గరిటె గుంటలో ఆరబెట్టండి. బో ముడుల లోపల టిష్యూ ఉండలు పెడితే అణగవు. ఫ్యాను గాలి మంచిదే. ఎండలో మాత్రం వద్దు, రంగులు వెలిసిపోతాయి.

దాచేదెక్కడ?

బాగా ఆరాక అట్టపెట్టెలో టిష్యూ పరిచి, ఒకదానికొకటి తగలకుండా సర్దండి. పచ్చిగా ఉండగానే ప్లాస్టిక్ డబ్బాలో మూత పెడితే లోపలి తేమ బయటకు పోదు. పెట్టెని వంటగట్టుకి దూరంగా, వెలుతురు తగలని బీరువాలో పెట్టండి. ఇలా దాచినవి నెలల తరబడి చెక్కుచెదరవు.

మిగిలిన పచ్చి ముద్దకి మాత్రం పద్ధతి తిరగబడుతుంది. దానికి గాలి తగిలితే ఎండి పగులుతుంది. క్లింగ్ ఫిల్మ్ గట్టిగా చుట్టి, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెట్టాలి.

కేకు మీద పెట్టేముందు

విప్డ్ క్రీమ్ కేకైతే బొమ్మని కోసే ముందు మాత్రమే పెట్టండి, క్రీమ్ తడికి కింది భాగం కరుగుతుంది. కింద చాక్లెట్ బిళ్ల ఒకటి ఉంచితే ఇంకాస్త నయం. బొమ్మ నిలబడడానికి లోపల టూత్‌పిక్ గుచ్చితే పిల్లల నోట్లో గుచ్చుకునే ప్రమాదముంది. బదులుగా ఉడకబెట్టని స్పఘెట్టీ పుల్ల వాడొచ్చు. పూర్తిగా ఆరిన బొమ్మ రాయిలా ఉంటుంది. చంటిపిల్లల చేతికి అస్సలు ఇవ్వకండి.

ఆ బాబు రెండో పుట్టినరోజుకి నేనే అడిగి మరీ కేకు చేశాను. ఏనుగుని పది రోజుల ముందే చేసి బీరువాలో దాచా. ఈసారి తొండం పైకెత్తి నిలబడింది! కేకు కోశాక పిన్నిగారు దాన్ని జాగ్రత్తగా తీసి షోకేసులో పెట్టుకున్నారు. ఇప్పటికీ అక్కడే ఉంది.